పదమూడో కార్డు

హార్లన్‌విల్, అలబామా
నవంబర్ 26, 1979

రాయిస్,

ఇక్కడ మేం కులాసా. నువ్వెలా ఉన్నావో మొన్న గురువారం నా కళ్ళతోనే చూశాను కనక అడగను. ఇకనుంచి నువ్వూ నేనూ ఫోనులో మాట్లాడుకోకూడదని మీ అక్క ఆర్డరు వేసింది. పండగపూట భోజనాల బల్ల దగ్గర మనిద్దరం ఫుట్‌బాల్ గురించి అరుచుకుంటూ కూర్చుంటే టర్కీ కోడి చల్లారిపోయిందట, పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారట. "చెప్పుకోవాల్సిందేదో కాగితం మీద రాసుకోండి, కాగితానికి గొంతుండదు" అంది. ఉత్తరాలు తనే పోస్టు చేస్తుందట, నేను కోపంలో చింపి పారేయకుండా.

సరే, ఇది నా మొదటి ఉత్తరం. మొదటి మాట కూడా నీకు నచ్చేదే. నువ్వు గెలిచావు.

టిల్మన్ కాలేజీ వాళ్ళ చేతిలో 41-38తో ఓడిపోయాం. ముప్పై ఎనిమిది పాయింట్లు కొట్టి కూడా ఓడిన కోచ్‌ని ఈ ఊళ్ళో ఎలా చూస్తారో నీకు తెలుసు. మంగలి కూడా నా మెడ మీద కత్తి పెట్టి మరీ సలహా చెప్పాడు. నా ఆఫీసు గోడకున్న బోర్డు నీకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో తెల్ల గీత. ఎడమవైపు దాడి చేసేవాళ్ళ కార్డులు, కుడివైపు అడ్డుకునేవాళ్ళవి. ఏటా ఇరవై ఐదుమందికి స్కాలర్‌షిప్‌లు. నేను ఎప్పుడూ పదిహేను ఎడమకీ పది కుడికీ పెట్టేవాణ్ణి. నువ్వు నా దగ్గర డిఫెన్స్ కోచ్‌గా ఉన్న తొమ్మిదేళ్ళూ పదమూడు అడిగావు. ఇవ్వలేదని రెండేళ్ళ కిందట తలుపు విసిరికొట్టి వెళ్ళి, మిసిసిపీలో హైస్కూలు పిల్లలకి ఆట నేర్పుకుంటూ కూర్చున్నావు.

ఈ సంవత్సరం కుడివైపు పదమూడు. నిన్ననే పిన్నులు గుచ్చాను. అందరికంటే వెనక నిలబడి చివరి కాపు కాసేవాడు, సేఫ్టీ, మాకు లేడు. పదమూడో కార్డు మీద మీ బడి కుర్రాడు కర్టిస్ పెట్‌వే పేరు రాశాను. వాడి పరుగు సెప్టెంబరులో చూశాను. ఇక నీ పని వాడి చెవిలో నాలుగు మంచి మాటలు వేయడమే.

నీ బావ,
హాలిస్


మెరిట్ క్రీక్, మిసిసిపీ
డిసెంబర్ 3, 1979

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పదమూడు. ఆ అంకె కోసం ఎన్ని సోమవారాలు నీ బల్ల ముందు నిలబడ్డానో, ఎన్నిసార్లు "చూద్దాంలే రాయిస్" అనిపించుకున్నానో లెక్కలేదు. నీ ఎడమవైపు బంతి పట్టుకోవడం చేతకాక మిగిలిపోయినవాళ్ళని నా కుడివైపుకి తోసేవాడివి. పాత చొక్కాలు తమ్ముడికిచ్చినట్టు. అలాంటివాళ్ళతో తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను. నవంబరు వచ్చేసరికి వాళ్ళ మోకాళ్ళు వాచిపోయేవి.

రెండోసారి చదివితే కర్టిస్ పేరు కనపడింది. మూడోసారి ఒళ్ళు మండింది.

వాణ్ణి నీకివ్వను. అంటే, కుడివైపుకి ఇవ్వను. కర్టిస్ క్వార్టర్‌బ్యాక్, బంతి చేతపట్టి జట్టంతటినీ నడిపించేవాడు. మా బడిలో పిల్లలు తక్కువ, అందుకని అందరూ రెండువైపులా ఆడతారు. నువ్వు సెప్టెంబరులో వాడు వెనక్కి పరిగెత్తి ఒకణ్ణి పడగొట్టడం చూసి లొట్టలేసుకుంటూ పోయావు. వాడి చేతికి బంతి వచ్చినప్పుడు చూశావా? చూసి ఉండవు, అప్పుడు హాట్‌డాగ్ తింటున్నావు, నేను చూశాను.

అక్టోబరులో లోరింగ్ బడితో ఆట. నేను మైదానం గీత బయటినుంచి ఎడమకి పరుగు పెట్టించమని సైగ చేశాను. వాడు నాకేసి చూసి, తల అడ్డంగా ఊపి, జట్టుని పిలిచి ఇంకేదో చెప్పాడు. కుడికి నలభై గజాలు విసిరాడు. నాకు కనపడని ఖాళీ పదిహేడేళ్ళ కుర్రాడికి కనపడింది. వచ్చి కూర్చున్నాక "సారీ కోచ్, మీరు చెప్పింది వాళ్ళకి తెలిసిపోయింది" అన్నాడు. నాకు తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు.

కార్డు ఎడమకి మార్చు. లేదా చింపెయ్.

రాయిస్


హార్లన్‌విల్
డిసెంబర్ 11, 1979

రాయిస్,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. "రాసింది నిజంగా మా తమ్ముడేనా?" అంది. నాకూ అదే అనుమానం. అడ్డుకునేవాడే ఆటగాడు, మిగతావాళ్ళంతా అలంకారం అని మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుల్లో కూడా ఉపన్యాసాలిచ్చిన మనిషివి. ఇప్పుడు ఈ రెండు రాష్ట్రాల్లోకెల్లా మంచి సేఫ్టీ నీ చేతిలో ఉంటే, వాడు దాడి చేయాలంటున్నావు. నిన్ను ఎవరో ఎత్తుకుపోయి, నీ అంగీ తొడిగి ఇంకొకణ్ణి పంపారు.

వినవయ్యా. నా దగ్గర ఇప్పటికే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లున్నారు. ఒకడు బాగానే ఆడతాడు, ఒకడు ఆడతాడు. మూడోవాణ్ణి తీసుకుంటే వాడు రెండేళ్ళు బెంచీ మీద కూర్చోవాలి. అదే వెనక కాపుకైతే మొదటిరోజునుంచీ ఆడతాడు. వాడికి మంచిదా చెడ్డదా? ఇంకొకటి. కాలేజీ ట్రస్టీలు నన్ను పిలిచి కాఫీ ఇచ్చి మర్యాదగానే చెప్పారు. వచ్చే ఏడు టిల్మన్ వాళ్ళు మళ్ళీ ముప్పై దాటితే నా కుర్చీలో వేరేవాడు కూర్చుంటాడట. మాకు ఈ ఇల్లు కూడా కాలేజీ ఇచ్చిందే. ఈ మాట మీ అక్క నడీన్‌కి చెప్పలేదు, కనక నువ్వూ చెప్పకు. ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను.

నీ పదమూడో కార్డు నీకిస్తే నా మొహాన తిప్పికొడుతున్నావు. ఊరికే కొట్టే మనిషివి కాదు. ఏదో ఉంది. అదేమిటో రాయి.

హాలిస్


మెరిట్ క్రీక్
డిసెంబర్ 19, 1979

బావా,

ఉంది. రాస్తాను. కూర్చుని చదువు.

లమార్ టిస్‌డేల్ గుర్తున్నాడా? 1970. మన కాలేజీలోకి వచ్చిన మొదటి నల్లజాతి కుర్రాళ్ళు ముగ్గురిలో ఒకడు. వాళ్ళ ఊళ్ళో మూడేళ్ళు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు, రెండు ఆటలు తప్ప ఓడలేదు. వాణ్ణి మన జట్టుకి అడగడానికి వాళ్ళింటికి వెళ్ళింది నేను. వాళ్ళమ్మ చేతి వంట రెండోసారి అడిగి పెట్టించుకున్నాను, మనం కొత్త కోచ్‌లకి నేర్పే మొదటి పాఠం అదేగా. ఆవిడ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మా వాడు అక్కడ క్వార్టర్‌బ్యాకేనా?" అవునన్నాను. ఆవిడ కళ్ళలోకి చూసి మరీ అన్నాను.

ఆగస్టులో వాడొచ్చిన నాలుగోరోజు నువ్వు వాడి కార్డు పీకి గీత దాటించావు. ఎందుకని నేనడగలేదు. ఎందుకడుగుతాను? నాకు కాళ్ళున్న కుర్రాడు కావాలి. వాళ్ళకి వేగం ఉందిగా, వెనక నిలబెడదాం అనేవాళ్ళం అప్పుడు అందరం. ఏ కాలేజీలోనైనా అంతే. వాళ్ళ బుర్ర సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. జట్టు పగ్గాలు నల్లజాతి కుర్రాడి చేతిలో పెడితే స్టేడియంలో డబ్బున్నవాళ్ళు ఏమంటారో అని నువ్వు భయపడ్డావు, నేను దాన్ని నా లాభానికి వాడుకున్నాను. చేయి నీది, నోరు నాది.

లమార్ నాలుగేళ్ళు నా కింద ఆడాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఒక్కసారి కూడా నాతో నవ్వలేదు. ఇప్పుడు మెరిడియన్‌లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. ఇక్కణ్ణుంచి నలభై మైళ్ళు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

పదమూడు కార్డులకోసం ఉద్యోగం వదులుకున్నానని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. వెళ్ళిపోయిన ఏడు నువ్వు ఇంకొక కార్డు అలాగే గీత దాటించావు, నేను మళ్ళీ నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం నా మీద నాకే అసహ్యం వేసి తలుపు విసిరికొట్టాను. నువ్వు పదమూడు గురించి అనుకున్నావు. అనుకోనిచ్చాను.

కర్టిస్ కూడా నల్లజాతి కుర్రాడే, వాడితో అది జరగనివ్వను. నీ కుర్చీ పోయినా సరే, మా అక్క నాతో మాట్లాడటం మానేసినా సరే.

రాయిస్


హార్లన్‌విల్
జనవరి 15, 1980

రాయిస్,

నీ ఉత్తరానికి నెల్లాళ్ళు జవాబు రాయలేదు.  నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదు, అదే ఇబ్బంది.

నిన్న మీ ఊరొచ్చాను, నీకు చెప్పకుండా. కర్టిస్ వాళ్ళమ్మ ఓలా మే పెట్‌వే గారింటికి వెళ్ళాను. మీ బడి వంటశాలలో పనిచేసే మనిషి అని చెప్పావు కానీ, అంత వండుతుందని చెప్పలేదు. పంది ముక్కల వేపుడు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, కారమెల్ కేకు. రెండోసారి పెట్టించుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని నేను తినే ప్రతి ముద్దా చూసింది. కర్టిస్ మాట్లాడింది తక్కువ. "సార్, మీ జట్టు నాలుగు ప్రయత్నాల్లో మూడోది వచ్చినప్పుడల్లా కుడికే ఎందుకు వెళుతుంది?" అని మాత్రం అడిగాడు. అది నాకు తెలియదు, చూసుకోలేదు. రాగానే మా ఆటలు తీసిన రీళ్ళు తిప్పి చూశాను. నిజమే.

కేకు అయ్యాక ఆవిడ అడిగింది. "కోచ్ గారూ, మీ గోడ మీద ఒక బోర్డుంటుందట. నా కొడుకు పేరు గీతకి ఏ పక్కనుంది?" నువ్వు చెప్పావన్నమాట. ఎడమపక్కనే అని చెప్పాను. ఆవిడ తలూపింది. కాగితాల మీద సంతకం ఫిబ్రవరి పదమూడున, కాలేజీలన్నీ సంతకాలు తీసుకునే బుధవారం నాడు పెడతామంది. లూసియానాలో చిన్న కాలేజీ ఒకటి కూడా అడుగుతోందట, క్వార్టర్‌బ్యాక్‌గానే, సగం ఫీజుకి.

సంతోషమేనా? నువ్వు గెలిచావు, మళ్ళీ.

హాలిస్

తమ్ముడూ, ఉత్తరం అంటించేముందు చదివాను. ఇవాళ మధ్యాహ్నం మీ బావ ఆఫీసుకి భోజనం పట్టుకెళ్ళాను. ఆ అబ్బాయి కార్డు కుడిపక్కనే ఉంది. పదమూడోది, అడుగున. నేను పోస్టు చేసే ఉత్తరంలో అబద్ధం వెళ్ళడం నాకిష్టం లేదు. — నడీన్


మెరిట్ క్రీక్
జనవరి 21, 1980

హాలిస్,

బావా అని రాయబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం, అక్క రాసింది, రెండూ పట్టుకుని ఓలా మే గారింటికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని చదివింది. అక్క రాసినదాని దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత లమార్ సంగతి కూడా చెప్పాను. అతని తల్లికి నేనేం చెప్పానో, ఏం చేశానో, ఏదీ దాచలేదు. కర్టిస్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. విని నన్నొక చూపు చూశాడు, అది పదేళ్ళ కిందట లమార్ చూసిన చూపే.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, "మీరు చెప్పారు కనక మీతో మాట్లాడతాను. ఆయన చెప్పలేదు కనక ఆయనొచ్చి చెప్పాలి" అంది.

ఆవిడ షరతు ఇది. స్కాలర్‌షిప్ కాగితం నేను తెచ్చి చూపించాను. వాడి పేరు, పుట్టినరోజు, కాలేజీ పేరు, నిబంధనలు, అన్నిటికీ గీతలున్నాయి. వాడు ఏం ఆడతాడో రాయడానికి ఎక్కడా గీత లేదు. నీ దగ్గర తొమ్మిదేళ్ళు ఆ కాగితాలు పంచాను, గమనించనేలేదు. ఆవిడ రెండు నిమిషాల్లో చూసింది. అందుకని ఆవిడకి ఆ కాగితం మీద నమ్మకం లేదు. ఆ కార్డు కావాలంది. నీ బోర్డు మీది కార్డే, నకలు కాదు. దాని మీద క్వార్టర్‌బ్యాక్ అని నీ చేత్తో రాసి, సంతకం పెట్టి, నువ్వే తెచ్చి ఇవ్వాలి. లేదంటే కర్టిస్ లూసియానా వెళతాడు. మిగతా సగం ఫీజు ఆవిడ ఇళ్ళల్లో వంట చేసి కడుతుందట.

పదమూడోదాని కోసం తొమ్మిదేళ్ళు నీ ప్రాణం తీశాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నాకు పన్నెండు చాలు. పన్నెండుమందితో నిలబెట్టడం నాకొచ్చు, పదిమందితో కూడా నిలబెట్టాను. కుర్చీ పోతుందని భయమైతే పోనీ. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, నువ్వూ అక్కా పిల్లలూ వచ్చేయండి. ట్రస్టీల సంగతి అక్కకి నేను చెప్పలేదు. నువ్వు చెప్పు.

రాయిస్


హార్లన్‌విల్
ఫిబ్రవరి 14, 1980

రాయిస్,

ముందుగా నిన్ను తిట్టాలి. ఇంట్లోవాళ్ళు రాసుకున్న ఉత్తరం పట్టుకెళ్ళి ఒక తల్లి చేతిలో పెడతావా? నీ ఉత్తరం చదివిన రోజు నీ ఫోటో గోడ మీంచి తీసేయమన్నాను. మీ అక్క తీయలేదు. ట్రస్టీల సంగతి ఆమెకు ముందే తెలుసట. కిరాణా షాపులో ఒక ట్రస్టీ భార్య చెప్పిందట డిసెంబరులోనే. "నువ్వు చెబుతావేమోనని చూస్తున్నాను" అంది. ఆ మాట తగిలినంతగా నీ ఉత్తరం తగల్లేదు.

మూడు వారాలు బోర్డు చూస్తూ గడిపాను. మా స్టాఫంతా ఒకటే పాట, సేఫ్టీ లేకపోతే చచ్చాం అని. మంగళవారం మధ్యాహ్నం వాళ్ళందరి ముందూ లేచి పిన్ను పీకాను. కార్డు జేబులో పెట్టుకున్నాను. 

నిన్న తెల్లారి బయల్దేరి ఏడున్నరకి ఓలా మే గారింటికి చేరాను. నడీన్ కూడా వచ్చింది, కారు తనే నడిపింది. ఈసారి భోజనం లేదు. ఒక కప్పు నల్ల కాఫీ. కూర్చోమన్నారు కానీ నేను కూర్చోలేదు. కర్టిస్ ఎదురుగానే చెప్పాను. "అమ్మా, జనవరిలో మీ బల్ల దగ్గర కూర్చుని మీతో అబద్ధమాడాను. మీవాడి కార్డు కుడిపక్కనుంది. పదేళ్ళ కిందట ఇంకొక తల్లికి నా మనిషి ఇచ్చిన మాట నేనే తప్పాను." ఆవిడ కలం నా వైపు జరిపింది.

రాశాను. కర్టిస్ పెట్‌వే, క్వార్టర్‌బ్యాక్, హాలిస్ ట్రామెల్. ఆవిడ పైకి రెండుసార్లు చదివింది, రెండోసారి మెల్లగా. సొరుగులోంచి నాలుగు పిన్నులు తీసి, వంటగది గోడకి, శవాల పెట్టెల షాపువాళ్ళు పంచిన క్యాలెండరు పక్కన, కార్డుని నాలుగు మూలలా గుచ్చింది.

"ఇది ఇక్కడే ఉంటుంది కోచ్ గారూ. ఎప్పుడైనా జరపాలనిపిస్తే ఇక్కడికొచ్చి జరుపుకోండి. నేను ఇంట్లోనే ఉంటాను."

అప్పుడు కర్టిస్ కూర్చుని సంతకం పెట్టాడు. మొదటిరోజే ఆడిస్తానని మాటివ్వలేనన్నాను, ఇద్దరు ముందున్నారని చెప్పాను. "వాళ్ళని చూశాను సార్" అన్నాడు. అంతే అన్నాడు. నడీన్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

తిరిగొచ్చాక చూస్తే, బోర్డు మీద ఎడమవైపు పన్నెండు, కుడివైపు పన్నెండు, అడుగున ఒక ఖాళీ. స్టాఫులో ఒకడు దాంట్లో కొత్త కార్డు పెడతానన్నాడు. వద్దన్నాను. ఆ చోటు నిండిందనీ, కార్డు మిసిసిపీలో ఉందనీ చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. నాకు పన్నెండుమంది అడ్డుకునేవాళ్ళున్నారు, వెనక కాపు లేడు, టిల్మన్ వాళ్ళు అక్టోబరులో వస్తారు. నీ పాత గది తాళం నా దగ్గరుంది. వస్తావా?

హాలిస్


మెరిట్ క్రీక్
మార్చి 10, 1980

బావా,

రాను. ఇప్పుడే రాను. కర్టిస్ చేతికి నీ మైదానంలో మొదటిసారి బంతి వచ్చాక అడుగు. అప్పటికి నీ కుర్చీ ఉంటే నీకోసం వస్తాను, లేకపోతే మా రెండు గదుల్లోకి నువ్వే వస్తావు, ఎలాగైనా ఒకచోటే ఉంటాం. ఈలోపల వెనక కాపుకి, "ఒకడు ఆడతాడు" అని నువ్వు రాసిన ఆ రెండో క్వార్టర్‌బ్యాక్‌ని, ఆ తెల్ల కుర్రాణ్ణి పెట్టి చూడు. నవ్వకు, నిజంగానే అంటున్నాను. గీత దాటించడం ఒక్క జాతివాళ్ళకే ఎందుకు?

పోయిన శుక్రవారం మెరిడియన్ వెళ్ళాను. నేను కూడా ఒక కార్డు రాసి పట్టుకెళ్ళాను. లమార్ టిస్‌డేల్, క్వార్టర్‌బ్యాక్, 1970. కింద నా సంతకం. ఓలా మే గారి వంటగది గోడ చూశాక ఆ ఆలోచన వచ్చింది. దారంతా నన్ను నేను మెచ్చుకుంటూనే వెళ్ళాను.

బడి వదిలాక అతని క్లాసులో దొరికాడు. చేతులనిండా సుద్దపొడి. జుట్టు అప్పుడే కొంచెం నెరిసింది. కూర్చోమనలేదు. కార్డు తీసుకుని చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు, నాకు తిరిగి ఇచ్చేశాడు.

"నేను క్వార్టర్‌బ్యాక్‌నని చెప్పడానికి ఇంతదూరం వచ్చారా కోచ్? అది నాకు అప్పుడే తెలుసు. మా అమ్మకీ తెలుసు. తెలియంది మీకే. మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి."

తప్పు చేశాను అన్నాను. అవును చేశారు అన్నాడు.  మీ అమ్మగారెలా ఉన్నారని అడగబోయి, ఆ హక్కు నాకు లేదని ఊరుకున్నాను. తలుపు దగ్గరికి వచ్చేశాను.

"పెట్‌వే కుర్రాడి గురించి పేపర్లో చూశాను" అన్నాడు వెనకనుంచి. "పరిగెత్తుతూ ఎడమకి విసరగలడా?"

విసురుతాడు కానీ పాదాలు ఆలస్యంగా తిరుగుతాయని చెప్పాను. అతను నల్లబల్ల వైపు తిరిగి అక్కడున్న లెక్కలు తుడవడం మొదలుపెట్టాడు. సగం తుడిచాక అన్నాడు.

"బడి సెలవులివ్వగానే శనివారాలు పంపండి. రెండు గంటలు చూస్తాను. మీరు మాత్రం రావద్దు."

వెళ్ళను బావా. కర్టిస్‌ని వాళ్ళమ్మే తీసుకెళుతుంది, దారికి మొక్కజొన్న రొట్టె కట్టుకుంటానంది. నా కార్డు మా వంటింట్లో నా క్యాలెండరు పక్కనే గుచ్చాను, రోజూ కాఫీ కలుపుకుంటూ చూసుకోవడానికి.

మనిద్దరం ఇక ఫోనులో మాట్లాడుకోవచ్చేమో అక్కని అడుగు.

రాయిస్